అరవయ్యో రోజు

వాగులో నల్లరాయి ఇంకా మునిగే ఉంది. దాని తల బయటపడితే గాని ట్రాక్టరు దిగదని అవతలి ఒడ్డు నుంచి డ్రైవరు చేతులూపి చెప్పి, ఇంజను ఆపేసి, ట్రాలీ పక్కన చేరి బీడీ వెలిగించుకున్నాడు. ఇవతలి ఒడ్డున హాతీరాం తాడుచుట్ట మీద కూర్చుని, రాయి ఉండాల్సిన చోటునే చూస్తున్నాడు. రాయి కనబడదు, దాని మీదుగా నీళ్లు ఉబ్బెత్తుగా లేచి పడటం మాత్రమే కనబడుతోంది. వాన మధ్యాహ్నమే వెలిసింది. మామూలు రోజుల్లో అయితే ఈ వాగు రెండు గంటల్లో మోకాలి లోతుకు దిగిపోయేది. కానీ కింద గోదావరి నిండుగా ఉంది, వచ్చిన నీళ్లను వచ్చినట్టే వెనక్కి తోస్తోంది, వాగు ఎటూ పోలేక ఉన్నచోటే బురదరంగులో ఉబ్బి కూర్చుంది. నాలుగైంది. చొక్కా జేబులో పాలకవరులో చుట్టిన ఫోను ఉంది. దాన్ని బయటికి తీయకుండా పైనుంచే అరచేత్తో తడిమాడు. తీసి చూసినా లాభం లేదు, ఇక్కడ సిగ్నలుండదు. వాగు దాటి, అడవిదారిలో ఐదు కిలోమీటర్లు పోయి, గుట్ట మలుపు ఎక్కితేనే వస్తుంది. అక్కడి దాకా ఇది ఉత్త గాజుముక్క. పొద్దు కుంకే లోపల అక్కడికి చేరతాడా, చేరినా అప్పటికి అక్కడ ఏమన్నా మిగిలి ఉంటుందా? ఈ రోజు అరవయ్యో రోజు.

అరవయ్యోదా, అరవై ఒకటోదా? అదీ సరిగ్గా తేలడం లేదు. ఆ పని చేసింది మృగశిర నాడు, అందులో అనుమానం లేదు, ఆ రోజు దుమ్ముగూడెంలో తాము కిరాయికుండే వీధంతా చేపల పులుసు వాసన, ప్రతి ఇంట్లోనూ చేపలే, తమ ఇంట్లో తప్ప. మృగశిర ఎనిమిదో తారీకున వచ్చింది. జూన్‌లో ఇరవై రెండు, జులైలో ముప్పై ఒకటి, అవి యాభై మూడు, ఆగస్టులో ఈ రోజుతో ఏడు. సరిపోయింది. కానీ ఆ రోజును కలుపుకోవాలా, వదిలేయాలా? పోతే పొద్దున్నే పోతాయా, తీసేసిన గంటకే పోతాయా, అర్ధరాత్రి దాకా ఆగుతాయా? ఫోను అవేమీ చెప్పలేదు. తీసేసిన ఫొటోలు అరవై రోజులు బిన్ను అనే చెత్తబుట్టలో ఉంటాయి, ఆ తర్వాత శాశ్వతంగా పోతాయి అని తెలుగులోనే, ఎంతో మర్యాదగా చెప్పింది. శాశ్వతం అనే మాటను అతను అంతకు ముందు శ్మశానం గోడ మీద తప్ప ఇంకెక్కడా చదివినట్టు గుర్తు లేదు. సరే అని నొక్కాడు. ఆ నొక్కిన బొటనవేలు ఇదే. పొద్దున ఇన్సులేటరు పగిలి గీరుకుపోయి, దాని కొన మీద ఇప్పుడు ఎండిన రక్తం ఉంది.

రెండేళ్ల కింద ఈ ఏర్పాటంతా చేసింది శ్రీధరే. అదుగో, చెట్టు మొదట్లో కూర్చుని షూ విప్పి నీళ్లు ఒంపుకుంటున్నాడు, వేంసూరు మనిషి, తనతో పాటే కరెంటు పనిచేసే లైన్‌మన్, వయసులో చిన్న. వారంలో నాలుగు రోజులు అడవి లోపలి ఊళ్లలో పడి ఉంటవు, ఇద్దరి ఫోన్లల్ల ఒకటే ఖాతా పెడితే వదిన ఇంట్ల తీసిన ఫొటో నీకీడ కనబడతదన్నా అని, ఒక మధ్యాహ్నం సబ్‌స్టేషన్ మెట్ల మీద కూర్చుని పెట్టి ఇచ్చాడు. అప్పటి నుంచి గుట్ట మలుపు వేరే చోటైపోయింది. పని ముగించుకుని సాయంత్రం అక్కడ బండి ఆపేవాడు. జేబులో ఫోను ఒక్కసారిగా వణికేది. తెర మీద బూడిదరంగు గళ్లు పరుచుకునేవి, ఒక్కో గడే నిండుతూ వచ్చేది. కూతురు సోని తన బొమ్మకు అన్నం పెడుతోంది. సోని తన పాత హెల్మెట్ పెట్టుకుని మూతి దాకా మునిగిపోయింది. సోని ఎడమ చెప్పు కుడికాలికి, కుడి చెప్పు ఎడమకాలికి వేసుకుని గుమ్మంలో నిలబడింది, ఎక్కడికో బయల్దేరిన పెద్దమనిషిలా. అక్కడ పది నిమిషాలు నిలబడితే పొద్దున్నుంచీ ఇంట్లో ఉన్నట్టే ఉండేది. ఇంటికి చేరేసరికి పిల్ల నిద్రపోయి ఉండేది చాలాసార్లు. నిజం చెప్పాలంటే కూతుర్ని ఇంట్లో చూసిన దానికంటే ఆ మలుపులో చూసిందే ఎక్కువ. ఫోన్లలో చోటు చాలక ఒకసారి, పైన ఖాతాలో ఎట్లాగూ భద్రంగా ఉంటాయి కదా అని, ఫోన్లలో ఉన్న కాపీలన్నీ తీసేశారు. పైన అంటే ఎక్కడ అని భార్య దుర్గ అడిగింది. అతనికీ తెలియదు. వేలెత్తి ఆకాశం వైపు చూపించాడు. ఇద్దరూ నవ్వారు. సోని కూడా వేలెత్తి పైకి చూపించి నవ్వింది, ఆ ఫొటో కూడా ఉండేది.

నీళ్ల మీద ఒక కొమ్మ కొట్టుకొచ్చింది. కొట్టుకుపోలేదు, ఒడ్డుకు తగిలి అక్కడే అటూ ఇటూ తిరుగుతోంది. అంటే నీళ్లు ఇంకా కిందికి లాగడం లేదు, ఇంకా గోదావరే తోస్తోంది. ఇంటి దగ్గర దుర్గ ఈ పాటికి ఏం చేస్తుంటుంది? నల్లా వచ్చే వేళ. సోని పుట్టాక ఇంట్లో లంబాడీ మాని తెలుగే మాట్లాడాలనుకున్నారు ఇద్దరూ, బడిలో పిల్ల తమలాగా బిక్కమొహం వేసుకుని కూర్చోకూడదని. పెనుబల్లి దగ్గర తండాలో ఉన్న హాతీరాం తండ్రి బద్యాకు ఆ సంగతి కోపం తెప్పించింది, మనవరాలితో ఏ మాట మాట్లాడాలో మీరు చెబుతారా అన్నాడు. సోని పోయాక ఇంట్లో ఆ తెలుగూ ఆగిపోయింది, లంబాడీ కూడా తిరిగి రాలేదు. అవసరమైన నాలుగు మాటలు, ఏ భాషలో వస్తే ఆ భాషలో. కిందటేడు దసరా ముందు. మూడేళ్ల రెండు నెలలు. రెండు రోజుల జ్వరం, అంతే, రెండే రోజులు. జనం వచ్చి పోయాక, ఇల్లు ఖాళీ అయ్యాక, దుర్గ ఏడుస్తుందని అతను ఎదురుచూశాడు. ఆమె ఏడవలేదు. ఫొటోలు చూసింది. పొయ్యి వెలిగించకముందే గోడకు ఆనుకుని కూర్చుని ఒక్కోదాన్ని పక్కకు జరిపేది, మొదటి నుంచి చివరి దాకా పోయి మళ్లీ మొదటికి వచ్చేది, మధ్యలో అన్నం మాడేది. వీడియోల్లోంచి సోని గొంతు వంటింట్లో వినబడేది. నానా, గిటు చూడు. నానా, గిటు చూడు. అతను తింటూ తింటూ చెయ్యి ఆపేవాడు. ఆ గొంతు ఎప్పుడు వస్తుందో ముందే తెలిసేది కాదు. అతని తల్లి, గోరి, తండా నుంచి వచ్చి పది రోజులుండి, బస్సెక్కేటప్పుడు కొడుకును పక్కకు పిలిచి, ఆ ఫోను దాని చేతుల ఉన్నన్ని రోజులు అది మనిషి కాదు, నువ్వే ఏదో ఒకటి చెయ్యాలె అంది.

చేశాడు. ఎనిమిది నెలలు ఆగి చేశాడు. దుర్గ తలస్నానానికి పోయినప్పుడు మంచం మీద కూర్చుని తన ఫోనులోనే చేశాడు. ఫొటోల్లో ఎవరి ముఖాలున్నాయో ఆ యంత్రం తనంతట తనే పోల్చుకుని వరసగా గుండ్రటి బిళ్లల్లా పెట్టి ఉంచుతుంది, మొట్టమొదటి బిళ్ల సోనిది. దాన్ని తాకితే ఆమె ఉన్నవన్నీ వచ్చాయి. పద్దెనిమిది వందల నలభై ఆరు. మొదటిదాన్ని వేలితో అదిమిపట్టి కిందికి లాగుతూ పోవాలి. లాగుతుంటే పిల్ల చిన్నదవుతూ పోయింది, మూడేళ్లు, రెండేళ్లు, పాకే పిల్ల, పళ్లు లేని నోరు, చివరికి తువ్వాలులో చుట్టిన ఎర్రటి పిడికిలంత మొహం. తీసేయాలా? తీసేయి. స్తంభం మీద ఫ్యూజు లాగినంత సేపు కూడా పట్టలేదు. దుర్గ తడిజుట్టును తువ్వాలుతో విదిలిస్తున్న చప్పుడు వినబడుతోంది పెరట్లోంచి. తర్వాత చూస్తే అన్నీ పోలేదు. యంత్రం ముఖాన్ని గుర్తుపట్టినవే పోయాయి, ముఖం కనబడనివి మిగిలాయి. వీపు. దుప్పటి కింద ముద్దలా ఒక నిద్ర. కాళ్లు మాత్రమే. దుర్గ మెడ చుట్టూ రెండు చేతులు. ఇంకోటి కూడా జరిగింది, దుర్గ ఐదో తరగతిలో దిగిన బడిఫొటోను ఎప్పుడో ఫోనులోకి ఎక్కించుకున్నారు, దాన్ని కూడా సోనియే అనుకుని యంత్రం తీసుకుపోయింది. అంత పోలిక ఉందని అతనికి అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత అతను ఫొటోల గడప తొక్కలేదు. ఈ రోజుకీ తెరవలేదు.

ఆ సాయంత్రం దుర్గ ఫోను పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. కనబడుతలేవు అంది. పైన ఏదో ఖరాబైందంట, చాలామందివి పోయినయంట అన్నాడు, చెప్పులు వెతుక్కుంటూ. అన్నీనా అని అడిగింది. అన్నీ అన్నాడు. ఆమె అతని మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసింది? అప్పుడు ఎక్కువసేపే అనిపించింది, తలచుకునే కొద్దీ ఆ చూపు ఇంకా పొడుగవుతోంది. లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. అంతే. ఏడ్వలేదు, అరవలేదు, మళ్లీ ఆ మాటెత్తలేదు. మర్నాటి నుంచి వేళకు తినసాగింది. వారం తిరిగేసరికి జడ వేసుకుంది. పక్కింటావిడతో గుమ్మంలో నిలబడి రెండు మాటలు కూడా మాట్లాడింది. తల్లికి ఫోను చేసి చెప్పాడు, బాగైతున్నది యాడీ అని. మంచిపని చేశానని అనుకున్నాడు. అనుకున్నాడు, కానీ స్తంభం ఎక్కి పైన ఒంటరిగా ఉన్నప్పుడల్లా లోపల ఒకడు రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు, పది, పంతొమ్మిది, ముప్పై రెండు. లెక్క పెడుతున్నాడంటే ఇంకా వెనక్కి రావచ్చని తెలిసి ఉండబట్టే కదా. వెనక్కి తేవాలని లేదు. పోయాయని కూడా లేదు. అరవై అనేది ఎంతో దూరంలో ఉన్నట్టుండేది.

నిన్న మధ్యాహ్నం ఆ దూరం ఒక్కసారిగా దగ్గరికి వచ్చింది. గాలివానకు చెట్టు పడి తీగలు తెగాయని మొన్న ఇద్దరూ లోపలి ఊరికి వచ్చారు, వచ్చిన రాత్రే వాగు పొంగింది, ఊళ్లో చిక్కుకుపోయారు. ఒక కోయ ఇంటి పంచలో కూర్చోబెట్టి ఇల్లాలు ఇద్దరికీ గంజి పోసింది. పెద్దావిడ, ఊరికే కూర్చోవడం తెలియని మనిషి, గింజలు చెరుగుతూ, పిల్లలెందరు బాబూ అని అడిగింది. ఒక్కతే అన్నాడు హాతీరాం. శ్రీధర్ గిన్నెలోకి చూశాడు. పేరేంది? సోని. నీ పోలికనా, తల్లి పోలికనా? చెబుదామని నోరు తెరిచాడు. ఏ పోలిక? కళ్లు ఎవరివి? కనుబొమ్మ మీద గడప తగిలి పడ్డ చిన్న గాటు ఉండేది, కుట్టు వేయించింది తనే, ఆ రోజు ఒళ్లో పెట్టుకుని తల కదలకుండా పట్టుకుంది తనే, అది ఎడమ కనుబొమ్మా, కుడి కనుబొమ్మా? చెప్పులు వచ్చాయి మనసులోకి. హెల్మెట్ వచ్చింది. గొంతు వచ్చింది. ముఖం రాలేదు. ముఖం ఉండాల్సిన చోట తెల్లగా, వెలుగు ఎక్కువైపోయిన ఫొటోలాగా ఉంది. తల్లి పోలిక అన్నాడు చివరికి, యంత్రం చెప్పిన మాట. ఆవిడ తృప్తిగా తలూపింది. గంజిగిన్నె పక్కన పెట్టేశాడు. ఆ క్షణం నుంచి అతను ఆగలేదు, సాయంత్రం దాకా పని, పొద్దున చీకట్లోనే మళ్లీ పని, తీగ సరిగ్గా బిగించిందీ లేనిదీ చూసుకోకుండా స్తంభం దిగితే శ్రీధర్ మొదటిసారి గొంతు పెంచాడు, చస్తవన్నా అన్నాడు. ఊళ్లో దీపాలు వెలిగాక ఇరవై నిమిషాలు ఫోనుకు కరెంటు పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని, వాన పూర్తిగా ఆగకముందే బయల్దేరి ఇక్కడికి వచ్చి పడ్డాడు. వస్తే వాగు.

ఎప్పుడు లేచాడో, ఎప్పుడు దిగాడో తెలియదు, నీళ్లు తొడలకు తగిలాక చల్లగా అనిపించింది. అడుగున ఇసుక మడమల కింద నుంచి జారిపోతోంది. ఇంకో నాలుగడుగులు వేస్తే నడుము, ఆ తర్వాత ఈత, అవతల డ్రైవరు లేచి నిలబడి ఏదో కేకలేస్తున్నాడు. వెనక నుంచి శ్రీధర్ వచ్చి నడుముకున్న బెల్టు పట్టుకుని లాగాడు. ఇద్దరూ ఒడ్డు బురదలో కూలబడ్డారు. శ్రీధర్‌కు ఒగర్పు తగ్గడానికి కాసేపు పట్టింది.

"అంత జల్దీ ఏమున్నదన్నా? వదినకేమన్న మంచిగ లేదా?"

చెప్పకూడదనుకున్నాడు. నోరు తెరిస్తే మొత్తం వచ్చేసింది, మృగశిర, మంచం, అన్నీనా అని ఆమె అడగడం, అరవై రోజులు. శ్రీధర్ తప్పనలేదు, ఒప్పనలేదు. తడిసిన షూ లేసు ముడి విప్పుతూ, వేస్తూ, విప్పుతూ విన్నాడు. విన్నాక నెమ్మదిగా అన్నాడు.

"ఖాతా ఒకటే గదన్నా. నువ్వు నీ ఫోన్ల తీసేసినా, ఆ బిన్ను వదిన ఫోన్ల గూడ ఉంటది."

"ఉంటే?"

"తెరిస్తే కనబడతది. పైన ఖరాబైతే బిన్నులకు రావు. ఎవరో ఒకరు తీసేస్తెనే వస్తయి. ఉన్నది మీరిద్దరే."

ఆ సంగతి హాతీరాంకు తట్టలేదా? తట్టనిచ్చాడా? దుర్గకు ఫోనులో అంత లోతు తెలియదు. ఫొటో తీయడం, చూడటం, అంతే. తెలిసి ఉంటే అడిగేది. పక్కింటి కోడి తన పెరట్లో ముంతెడు వడ్లు తింటేనే పోయి అడిగే మనిషి, ఇది తెలిసి అరవై రోజులు ఊరుకుంటుందా? తెలియదు. తెలియకపోతే ఎంత బాగుంటుంది, ఈ రాత్రికి అన్నీ వెనక్కి తెచ్చి, పైన బాగుచేసిండ్రంట అని ఒక్క అబద్ధం చెబితే చాలు, మొదటి అబద్ధం కూడా మాసిపోతుంది. ఆమె మంచి కోసమే చేశానని ఇప్పుడే శ్రీధర్‌తో అన్నాడు. అన్నప్పుడు శ్రీధర్ తలూపాడు. ఆ తలూపడం చూడలేక మొహం తిప్పుకున్నాడు.

ఎందుకంటే అది నిజం కాదు. పద్దెనిమిది వందల నలభై అయిదు ఫొటోలు దుర్గ మంచి కోసం తీసేశాడేమో గాని, ఒక్కటి మాత్రం తన కోసం తీసేశాడు. ఆ ఒక్కదాని కోసమే మిగిలినవన్నీ పోయాయి. ముఖాల వరసలో అన్నిటికన్నా పైన ఉండేది, ఎందుకంటే అదే చివరిది. మంచం మీద సోని, ఎర్రబడ్డ మొహం, ఉబ్బిన కళ్లు సగం తెరిచి, కెమెరా వైపు కాకుండా ఎటో చూస్తోంది. పొద్దున పదకొండింటికి తీసింది దుర్గ. కింద రాసి పంపింది, ఒంటి మీద ఎర్రగ లేసినయి, దవాఖానాకు నేనే తీస్కపోవాల్నా, నువ్వొస్తవా అని. అతను అప్పుడు ఇదే అడవిలో ఇంకో ఊళ్లో స్తంభం మీద ఉన్నాడు. ఆ ఫొటో బయల్దేరి వచ్చి గుట్ట మలుపులో అతని కోసం కూర్చుంది. అయిదున్నరకు అతను మలుపెక్కాడు. అప్పటికి దుర్గ చూసి చూసి ఆటోలో భద్రాచలం బయల్దేరింది, తెల్లారేసరికి అయిపోయింది. సిగ్నల్ లేకపాయె, నువ్వేం చేస్తవు కొడుకా అన్నారు అందరూ. తండ్రి బద్యా భుజం మీద చెయ్యేసి అదే మాట అన్నాడు. దుర్గ కూడా అదే అంది, అతని కోసం అందరితో అంది. ఎవరికీ తెలియనిది ఏమిటంటే, ఆ రోజు పని రెండింటికే అయిపోయింది. కరెంటు వచ్చిన సంతోషంలో ఊళ్లోవాళ్లు కోడిని కోశారు. తిని పొమ్మన్నారు. తిన్నాడు. తిన్నాక ఇప్పచెట్టు కింద చల్లగా ఉంది, కండువా పరుచుకుని ఒక్క కునుకు అనుకున్నాడు. ఎంత హాయిగా పట్టింది ఆ నిద్ర. లేచేసరికి నీడ చెట్టు దాటి పోయింది. రెండింటికి బయల్దేరి ఉంటే మూడింటికల్లా మలుపులో ఉండేవాడు. దుర్గ మొదటి నుంచి చివరి దాకా జరుపుతూ పోయి మళ్లీ మొదటికి వచ్చిన ప్రతిసారీ ఆ ఫొటో దగ్గర ఆగేది, అతను పక్కగదిలో గోడకు తిరిగి పడుకుని ఆ ఆగడాన్ని వినేవాడు.

అవతలి నుంచి ఇంజను చప్పుడు. నల్లరాయి తలే కాదు, భుజాలు కూడా బయటపడ్డాయి, తను చూస్తూనే ఉండి చూడలేదు. ట్రాక్టరు నీళ్లను చీల్చుకుంటూ వచ్చి ఇద్దర్నీ ఎక్కించుకుని తిరిగి దాటింది. అడవిదారిలో గతుకు గతుకుకూ హాతీరాం జేబు మీద చెయ్యి నొక్కి పట్టుకున్నాడు. ఆకుల మీది నీళ్లు మీద రాలుతున్నాయి. తొడల లోతు నీళ్లలో దిగినందుకు డ్రైవరు అతన్ని ఇంకా తిడుతూనే ఉన్నాడు, శ్రీధర్ సర్దిచెబుతున్నాడు. మలుపు దగ్గర ఆపమంటే ఆపాడు. ఇక్కడొక్క చోటే సిగ్నలు, ఇది దాటితే దారి మళ్లీ పల్లంలోకి దిగుతుంది, రోడ్డు ఎక్కే దాకా ఏమీ ఉండదు. అయిదు నలభై. చేతులు తడిగా ఉండి తెర తాకితే కదలలేదు, చొక్కా కూడా తడే, చివరికి జుట్టుకు తుడుచుకున్నాడు. అరవై రోజుల తర్వాత తెరిచాడు. దేనివైపూ చూడకుండా నేరుగా బిన్నులోకి పోయాడు. ఒక చిన్న చక్రం తిరిగింది. తిరిగి, ఆగి, తెల్లటి తెర మీద ఒక చెత్తబుట్ట బొమ్మ, దాని కింద ఒక వాక్యం. ఇక్కడ ఏమీ లేదు.

మళ్లీ చదివాడు. మూసి మళ్లీ తెరిచాడు. ఏమీ లేదు. ఏడుపు వస్తుందనుకున్నాడు, రాలేదు. ఒక పని అయిపోయినట్టు, తాళం వేసి వచ్చేసినట్టు అనిపించింది, ఆ అనిపించడానికి తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్లు మూసుకుంటే తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు. ఇక ఎప్పటికీ అంతే. శ్రీధర్ అతని మొహం చూసి, ట్రాక్టరు అవతలి వైపుకు పోయి నిలబడ్డాడు. ఫోను మూసేద్దామని వేలు వెనక్కి జరిపాడు, బిన్ను పోయి ఫొటోల మొదటి పేజీ వచ్చింది, అందులో బూడిదరంగు గళ్లు పరుచుకుంటున్నాయి. ఒకటి నిండింది. అందులో అతనే ఉన్నాడు. గుమ్మం మెట్టు మీద కూర్చుని, వీపు మాత్రమే. తర్వాతిదాంట్లోనూ అతనే, కంచం ముందు, చెయ్యి గాల్లో ఆగిపోయి. ఇంకోదాంట్లో బూట్లు విప్పకుండానే మంచానికి అడ్డంగా పడి నిద్రపోతున్నాడు, నోరు తెరుచుకుని ఉంది. పెరట్లో పళ్లు తోముకుంటూ. బట్టలారేసే తీగ పట్టుకుని, ఎందుకు పట్టుకున్నాడో తెలియకుండా, ఊరికే నిలబడి. అన్నీ వెనక నుంచో, తలుపు సందులోంచో తీసినవి. ఆగస్టు, జులై, జులై, జూన్. ఇంట్లో ఉన్న రోజుల్లో దాదాపు ప్రతి రోజూ ఒకటి. ఒక్కదాంట్లోనూ తను కెమెరా వైపు చూడలేదు. ఇంకా కిందికి లాగాడు. కిందటి దసరా ముందటి తారీకుల దగ్గర గళ్లు ఒక్కసారిగా నిండిపోయాయి. సోని. సోని. సోని. హెల్మెట్, చెప్పులు, పైకెత్తిన వేలు, అన్నీ, బడిఫొటోలో దుర్గ కూడా. మంచం మీద ఎర్రబడ్డ మొహం, అదీ ఉంది, తన వరసలో, తన తారీకున. కళ్లలో నీళ్లు అడ్డుపడి దేన్నీ సరిగ్గా చూడలేకపోయాడు. చెప్పులు బురదలో ఉండగానే ఆ తడిరాళ్ల మీద కూర్చున్నాడు.

దుర్గ మొదటి రింగుకే ఎత్తింది.

"వాగు దాటినవా?"

"దాటిన."

అటువైపు నల్లా నీళ్లు బిందెలో పడుతున్న చప్పుడు, అది నిండేకొద్దీ మారుతోంది.

"చూసినవా?" అంది దుర్గ.

ఇప్పుడే చూశానన్నాడు. ఎప్పుడు వెనక్కి తెచ్చావని అడిగాడు. మృగశిర మర్నాడే అని చెప్పింది. ఎక్కడెక్కడో నొక్కుకుంటూ పోతే బిన్నులో దొరికాయట. అతను అడవికి పోయిన నాలుగు రోజులూ చూసుకునేదట, వచ్చే రోజు ఫోను బట్టల కింద పెట్టేసేదట. చూసుకునే వీలుందని తెలిశాక అన్నం దిగడం మొదలైందట. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

"నన్నొక్క మాట అడగకపోయినవు."

"అడిగితే మళ్ల తీసేస్తవనుకున్న."

నువ్వు నా ఫొటోలెందుకు తీసినవు అని అడిగాడు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి. బిందె నిండి పొర్లుతున్న చప్పుడు వినబడింది. ఆమె నల్లా కట్టలేదు.

"నువ్వు ఇంట్లనే ఉండి కనబడకుంట పోతున్నవు," అంది. "ఏ రోజు దాకా ఉన్నవో యాదికుండాలె గదా."

చెట్ల మీద వెలుగు తగ్గిపోతోంది. ట్రాక్టరు డ్రైవరు ఒకసారి హారను కొట్టాడు, శ్రీధర్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. హాతీరాం ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఆ రోజు కోడికూర ఎంత బాగుందో, ఇప్పచెట్టు నీడ ఎంత చల్లగా ఉందో, పది నెలలుగా నాలుక మీదే ఉన్నాయి.

"దుర్గా," అన్నాడు. "ఆ రోజు నాకు రెండింటికే పని అయిపోయింది. తిని పండుకున్న. గంటన్నర పండుకున్న. సిగ్నలుది కాదు తప్పు."

అటువైపు నీళ్లు పొర్లుతూనే ఉన్నాయి. చెవి దగ్గర నుంచి తీసి చూశాడు, ఆమె పెట్టేయలేదు, తెర మీద సెకన్లు నడుస్తున్నాయి. మళ్లీ చెవికి ఆనించుకున్నాడు. ఎక్కమని శ్రీధర్ పిలిస్తే ఆగమని చెయ్యెత్తాడు. రెండడుగులు కిందికి దిగితే సిగ్నలు పోతుంది. ఉన్నచోటే, కాలు కూడా మార్చకుండా కూర్చున్నాడు.